కంచె బయటి కోచ్

ఆ రోజుల్లో ఫుట్‌బాల్ చూడటానికి వచ్చే జనానికి ఒక జబ్బు ఉండేది. ఇప్పుడూ ఉంది, తగ్గిన సూచనలేమీ లేవు. బంతి అవతలి గోల్ వైపు పోతుంటే లేచి నిలబడి కేకలు వేస్తారు. అదే బంతి మన గోల్ వైపు వస్తుంటే కూర్చుని పల్లీలు ఒలుచుకుంటారు. గోల్ కొట్టినవాణ్ని భుజాల మీద ఎత్తుకుని మైదానమంతా తిప్పుతారు. తొంభై నిమిషాలు గోల్ పడకుండా ఆపిన నలుగురు పిల్లల్ని మాత్రం "కాస్త పక్కకు జరగండి, ఫొటో తీయాలి" అంటారు. ఇక ఆ నలుగురికీ ఆట నేర్పినవాడి సంగతి అడగనే అక్కర్లేదు. గోల్ పడ్డప్పుడు తప్ప వాడు ఎవరికీ కనిపించడు. పడిందా, అప్పటిదాకా అలాంటివాడొకడు ఉన్నాడని కూడా తెలియనివాళ్ళు తల తిప్పి సూటిగా వాడి వైపే చూస్తారు. ఆ మనిషిని నేనే. (నా ఉద్యోగం పేరు డిఫెన్స్ కోచ్. మా చుట్టాలకు ఈ మాట చెబితే మిలిటరీలో చేరాననుకుని, క్యాంటీన్‌లో మిక్సీ తక్కువ ధరకు దొరుకుతుందేమో కనుక్కోమన్నారు. కాదని చెప్పాక నాతో మాట్లాడటం తగ్గించారు.) ఈ అన్యాయాన్ని పదిహేనేళ్ళకు పైగా ఒమాన్‌లోని నాలుగు కాలేజీల్లో ఓర్చుకుంటూ వస్తున్నాను. అయితే మొదటి కాలేజీలో జరిగినంత అన్యాయం మళ్ళీ ఎక్కడా జరగలేదు. అది చెప్పకుండా ఊరుకుంటే నాకు నిద్ర పట్టదు.

అప్పుడు నాకు ఇరవై అయిదేళ్ళు. మాది జగిత్యాల దగ్గర ఒక పల్లె. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్య కోర్సు చేసి, యూనివర్సిటీ జట్టులో రెండేళ్ళు స్టాపర్ బ్యాక్‌గా, అంటే గోల్ ముందు నిలబడి అడ్డుకునేవాడిగా ఆడాను. మా ఊరి నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు సెంట్రింగ్ పనికో తాపీ పనికో పోతారు. నేను మాత్రం కాలేజీకి పోతున్నానని, స్పోర్ట్స్ అసిస్టెంట్‌గా పోతున్నానని బస్టాండులో కనబడ్డ ప్రతివాడికీ ఆపి మరీ చెప్పాను. ఆ కాలేజీ ఉన్న ఇబ్రిలో దిగాక తెలిసింది అసలు సంగతి. కాలేజీకి మనుషుల్ని సరఫరా చేసే కంపెనీ దగ్గర స్పోర్ట్స్ అసిస్టెంట్ వీసాలు లేవు. ఎవరో రాకుండా మిగిలిపోయిన టైలర్ వీసా ఒకటి ఉంటే, దాని మీద నన్ను లాక్కొచ్చారు. బతాకా చేతికొచ్చినప్పుడు (బతాకా అంటే అక్కడి మన గుర్తింపు కార్డు, అది జేబులో లేకపోతే మనిషి లేనట్టే) దాని మీద నా ఫొటో పక్కన అరబీలో ఒక మాట ఉంది. చూడటానికి ముచ్చటగా, గాలిలో వంపు తిరిగిన బంతిలా ఉంది. అది 'క్రీడలు' అయి ఉంటుందని వారం రోజులు మురిసిపోయాను. మా రూమ్‌లోని మేస్త్రీ అన్న దాన్ని పట్టుకుపోయి తన సైట్‌లో ఎవరి చేతనో చదివించుకొచ్చాడు.

"ఖయ్యాత్ అని ఉన్నదంట తమ్మి" అన్నాడు, నా మంచం మీద కూర్చుని చాలా నెమ్మదిగా, చావు కబురు చెప్పేవాడిలా. "అంటే బట్టలు కుట్టేటోడు."

మేస్త్రీ అన్నది ఆర్మూర్ వైపు. పద్దెనిమిదేళ్ళుగా ఒమాన్‌లో ఇళ్ళు కడుతున్నాడు. ఎండకు మొహం నల్లబడింది గానీ మాట మాత్రం ఎప్పుడూ చల్లగానే ఉండేది. నేను ఎగిరెగిరి పడుతుంటే నీళ్ళ బాటిల్ చేతికిచ్చి, "కార్డు మీద ఏమున్నా నీకేంది? నేను పదేండ్లు వంటోని వీసా మీద గోడలు కట్టిన. గోడలు కూలినయా?" అన్నాడు. ఆ మాటతో ఊరట పడాల్సింది. పడలేదు. ఎందుకంటే ఆ కార్డు సంగతి కాలేజీ ఆఫీసులో కూడా పాకింది. నా పని స్టోర్‌లో బంతులు, వలలు, జెర్సీలు చూసుకోవడం. కానీ రెండో వారం నుంచే గుమాస్తాలు ప్యాంట్లు పట్టుకుని స్టోర్ దగ్గరికి రావడం మొదలుపెట్టారు, రెండంగుళాలు పొట్టి చేయమని. కంప్యూటర్ ల్యాబ్ నుంచి కర్టెన్లు వచ్చాయి. నేను కోపంతో వాటిని చూడను కూడా చూడకుండా వెనక్కి పంపాను. (ఒక్క డీన్ గారి కోటుకు మాత్రం గుండీ కుట్టాను. అది వేరే విషయం. బాగానే కుదిరింది.)

కాలేజీ జట్టుకు కోచ్ ఒకాయన ఉండేవాడు. అక్కడ కోచ్‌ను అందరూ 'కాప్టెన్' అంటారు, మేమూ అలాగే పిలిచేవాళ్ళం. ఈజిప్టు మనిషి. ఒకప్పుడు పేరున్న ఫార్వర్డ్ అట. నల్లకళ్ళద్దాలు, చెక్కుచెదరని క్రాపు, మెడలో విజిల్. ఆయన దృష్టిలో ఫుట్‌బాల్ అంటే గోల్ కొట్టడమే. ప్రాక్టీసు రెండు గంటలైతే గంటా యాభై నిమిషాలు ఫార్వర్డ్‌లతోనే గడిపేవాడు. మిగతా పది నిమిషాలు డిఫెండర్ల దగ్గరికి వచ్చి, "మీరు ఇక్కడ నిలబడండి, బంతి వస్తే దూరంగా తన్నండి" అని చెప్పి వెళ్ళేవాడు. ఫలితం ఏమై ఉంటుందో మీకు తెలిసే ఉంటుంది. బహ్లా నుంచి వచ్చిన ఒక కాలేజీ జట్టు మా మీద అయిదు గోల్స్ కొట్టి పోయింది. నేను బంతులు ఏరుకుంటూ ఊరుకోవచ్చు. ఊరుకుంటే టైలర్ మర్యాద దక్కేది. ఊరుకోలేక, "కాప్టెన్, మీ వెనక వరసలోని నలుగురూ బస్సు కోసం నిలబడ్డవాళ్ళలా నిలబడ్డారు" అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశాడు. నన్ను మొదటిసారి చూశాడు. "నీకు తెలుసా డిఫెన్స్?"

"నేను అదే ఆడాను."

"అయితే తీసుకో హబీబీ, ఆ నలుగురూ నీవాళ్ళే" అని, చేతిలో ఉన్న ప్రాక్టీసు ప్లాస్టిక్ కోన్లు నాలుగు నా ముందు పడేసి వెళ్ళిపోయాడు. ఇదీ నా నియామకం. ఉత్తర్వు లేదు, సంతకం లేదు, కరచాలనం కూడా లేదు. కానీ ఆ సాయంత్రం రూమ్‌లో మేస్త్రీ అన్నతో, "అన్నా, నేను కోచ్ అయిన" అని మూడుసార్లు చెప్పాను. అది ఇప్పటికీ గుర్తుంది.

ఆ నలుగురి పేర్లూ పొడుగ్గా ఉండేవి, తాతల పేర్లతో సహా. మైదానంలో అన్ని అక్షరాలు పలికేలోపు గోల్ పడిపోతుంది. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. మధ్యలో ఆడే పొడుగు పిల్లవాడు బండ. వాళ్ళ నాన్నకు ఖర్జూర తోట ఉండేది. మనిషి మాట్లాడడు, కదలమంటేనే కదులుతాడు, కదిలితే మాత్రం ఎదుటివాడు గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోవాల్సిందే. కుడివైపు ఆడేవాణ్ని ఉరుకుడు అన్నాను, వాడికి ఆగడం రాదు కాబట్టి. మిగతా ఇద్దరూ కవలల్లా ఒకేలా ఉండటంతో ఇద్దర్నీ తమ్మీ అనే పిలిచేవాణ్ని.

భాష దగ్గర చిక్కొచ్చింది. నాకు అరబీ రాదు. వాళ్ళ ఇంగ్లీషు పరీక్షకు సరిపోయేంతే. నిమ్మళంగా ఉన్నప్పుడు ఇంగ్లీషులో, హిందీలో, చేతులతో ఎలాగో చెప్పేవాణ్ని. కానీ బంతి మీదికొస్తుంటే నా నోట్లోంచి జగిత్యాల భాష తప్ప మరోటి వచ్చేది కాదు. "జరుగు! జరుగు! అడ్డం రా! ఎన్కకు!" అని అరిచేవాణ్ని. మొదటిరోజు నలుగురూ నవ్వారు. రెండోరోజు నన్ను వెక్కిరిస్తూ వాళ్ళలో వాళ్ళు "జరుగు, జరుగు" అనుకున్నారు. మూడో వారానికి ఆ మాటలే వాళ్ళ ఆటైపోయాయి. జరుగు అంటే నలుగురూ ఒకే గీత మీద పక్కకు కదిలేవారు. ఎన్కకు అంటే ఒక్కసారి వెనక్కి వచ్చేవారు. 'ఇడువు' అంటే నీ దగ్గరున్న ఆటగాణ్ని వదిలెయ్, పక్కవాడు చూసుకుంటాడు అని. 'ఇడువకు' అంటే వాణ్నే పట్టుకుని ఉండు, ఏమైనా వదలొద్దు అని. ఎదుటి జట్లకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఇదేదో రహస్య భాష అనుకున్నారు. ఒక జట్టు కోచ్ అయితే, మేము మోసం చేస్తున్నామని రిఫరీకి ఫిర్యాదు కూడా చేశాడు.

ఆ ఏడాది కాలేజీల కప్పులో ఫైనల్ దాకా వెళ్ళాం. అన్ని ఆటల్లోనూ కలిపి మా మీద పడ్డవి రెండే గోల్స్, అందులో ఒకటి ఆఫ్‌సైడ్. (ఆ రిఫరీని నేనింకా క్షమించలేదు.) మరి కాలేజీ పత్రికలో ఎవరి బొమ్మ వేశారు? ఫార్వర్డ్ బొమ్మ. లోపల ఎవరి మాటలు వేశారు? కాప్టెన్ మాటలు. 'ఎదురుదాడే మా రక్షణ' అన్నాడట. ఆ పేజీని నేను మేస్త్రీ అన్నకు చూపించి మంచాలు అదిరేలా అరిచాను. "ఎవని రక్షణ? ఎవలు చేసిన్రు రక్షణ?" అన్నాను. ఆయన తలగడ సర్దుకుంటూ, "రేపు డ్యూటీ ఉన్నది తమ్మి" అన్నాడు.

అంత జరిగినా ఒక ఆశ మిగిలింది. ఫైనల్‌కు ముందు డీన్ గారు నన్ను పిలిచి, "కప్పు గెలవండి. నేనే స్వయంగా కంపెనీకి రాస్తాను, నీ బతాకా మీద ఖయ్యాత్ తీసేసి ముదర్రిబ్ అని రాయిస్తాను" అన్నారు. ముదర్రిబ్ అంటే కోచ్. ఆయన ఆ మాట అన్నప్పుడు ఆయన కోటు మీద నేను కుట్టిన గుండీ కనబడుతోంది. అది చూసి గర్వపడాలో సిగ్గుపడాలో తెలియలేదు. బయటికొచ్చి ఆ మాటను పదిసార్లు పలికి చూసుకున్నాను. ఆ కార్డు ఊళ్ళో చూపించాలనీ, అరబీ చదవగలిగే మసీదు గురువు గారి చేత అందరి ముందు చదివించాలనీ అప్పుడే నిశ్చయించేసుకున్నాను.

ఫైనల్ మస్కట్ పక్కనున్న అల్ అమెరాత్‌లో, శుక్రవారం సాయంత్రం. మేస్త్రీ అన్న చేసిన మంచి పని ఒకటుంది, దాన్ని తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అల్ అమెరాత్ సైట్లలో పనిచేసే మనవాళ్ళందరికీ ఫోన్లు చేసి, "మనోడు కోచ్, మనోని ఆట ఉన్నది, సెలవు దినమే గదా, రాండ్రి" అని చెప్పాడు. తనూ ఇబ్రి నుంచి ఎవరి కారులోనో మా బస్సు కంటే ముందే చేరుకున్నాడు.

నేను బస్సు దిగి, ఇస్త్రీ చేసిన ట్రాక్‌సూట్‌లో, మెడలో విజిల్‌తో, నలుగురు డిఫెండర్ల ముందు నడుచుకుంటూ గేటు దగ్గరికి వెళ్ళాను. అక్కడ టోర్నమెంటు అధికారి ఒకాయన బల్ల వేసుకుని కూర్చున్నాడు. బెంచీ మీద కూర్చునే ప్రతివాడి బతాకా చూస్తున్నాడు. కాప్టెన్‌ది చూశాడు, పంపాడు. నాది తీసుకున్నాడు. చదివాడు. నా విజిల్ చూశాడు. మళ్ళీ చదివాడు.

"ఖయ్యాత్?" అన్నాడు.

"కోచ్" అన్నాను.

"ఇక్కడ ఖయ్యాత్ అని ఉంది." ఆయన గొంతులో వెటకారం లేదు, అదే నాకు ఇంకా మండింది. నిజంగానే సాయం చేద్దామనుకుని, "జెర్సీలేమైనా చిరిగాయా?" అని అడిగాడు.

"నేను డిఫెన్స్ కోచ్‌ని! ఆ నలుగురు పిల్లల్ని అడగండి!"

"బెంచీ మీద కోచ్, డాక్టర్, మేనేజర్, అంతే. ఖయ్యాత్ లేదు" అని నియమాల కాగితం నా వైపు తిప్పాడు. నేను కాప్టెన్ వైపు చూశాను. ఆయన చేతులు రెండూ పైకెత్తి, "రూల్, హబీబీ" అని లోపలికి వెళ్ళిపోయాడు. బండ మాత్రం గేటు లోపల ఆగిపోయి, నేను వస్తానేమోనని వెనక్కి తిరిగి చూస్తూ నిలబడ్డాడు. "పో, ఆడుపో" అన్నాను. అది నేర్పని మాట. అయినా అర్థమైంది వాడికి.

మైదానం చుట్టూ ఇనుప జాలీ కంచె. మా గోల్ వెనక, కంచె బయట, కంకర మీద నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే రెండు వ్యాన్లలో మనవాళ్ళు దిగారు. ముప్ఫై మంది ఉంటారు. తలలు దువ్వుకుని, మంచి చొక్కాలు వేసుకుని, పెళ్ళికొచ్చినట్టు వచ్చారు. మేస్త్రీ అన్న వాళ్ళందర్నీ వెంటేసుకుని నా దగ్గరికొచ్చి నన్నూ, కంచెనూ, లోపలున్న బెంచీనీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వు గీడ ఉన్నవేంది తమ్మి?"

"డిఫెన్స్ మొత్తం కనవడాలంటే గీన్నుంచే చూడాలె అన్నా."

"మరి గా కుర్చీల కూసున్నోళ్ళు?"

"ఆళ్ళకు డిఫెన్స్ తెల్వది."

ఆయన నమ్మలేదు. కానీ వెనక్కి తిరిగి ముప్ఫై మందితో, "కోచ్ గీన్నుంచే చూస్తడంట, గీన్నే నిలవడుండ్రి" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జీవితాంతం రుణపడాలి. పడలేదు. ఎందుకో చెబుతాను.

మొదటి సగంలో నలుగురూ గోడలా ఆడారు. బండ ఒకడి కాళ్ళ దగ్గర్నుంచి బంతి లాక్కుని, సగం మైదానం దూరం కొట్టాడు. అది నేరుగా మా ఫార్వర్డ్ ముందు పడింది, వాడు గోల్ వేశాడు. అందరూ ఎవరి మీద పడి ముద్దులు పెట్టారో చెప్పను, చెబితే మళ్ళీ కోపమొస్తుంది. సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారాయి, నేనూ నా ముప్ఫై మందితో మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి చేరాను. ఇక మిగిలిన నలభై అయిదు నిమిషాలూ ఆపితే చాలు. కప్పు మాది, కార్డు నాది. అప్పుడు కాప్టెన్ ఏం చేశాడో తెలుసా? బెంచీ మీద నుంచి లేచి చేతులూపుతూ అందర్నీ ముందుకు పొమ్మన్నాడు, డిఫెండర్లతో సహా. ఆయనకు రెండో గోల్ కావాలి. ఒక్క గోల్‌తో గెలిస్తే క్రాపు చెదురుతుంది కాబోలు!

నలుగురూ ముందుకు కదిలారు. మా గోల్ ముందు ఎడారి మిగిలింది. కంచె పట్టుకుని, ఊపిరితిత్తుల్లో ఉన్నదంతా కూడగట్టుకుని, "ఎన్కకూ!" అని అరిచాను.

నలుగురూ ఆగారు. బెంచీ వైపు చూశారు. కంచె వైపు చూశారు. జీతం తీసుకునే కోచ్ ముందుకు పొమ్మంటున్నాడు, కంకర మీదున్న టైలర్ వెనక్కి రమ్మంటున్నాడు. బండ తల దించుకుని వెనక్కి నడిచాడు. మిగతా ముగ్గురూ వాడి వెంట వచ్చారు. అవతల కాప్టెన్ నీళ్ళ బాటిల్‌ను నేలకేసి కొట్టడం నాకు కనబడింది. నా జన్మలో అంత అందమైన దృశ్యం చూడలేదు.

అయితే ఆ దృశ్యం మనవాళ్ళ మీద ఇంకోలా పనిచేసింది. "అరే, గీ పోరగాండ్లకు తెలుగస్తదిరో!" అన్నాడొకడు. అంతే. ముప్ఫై గొంతులు ఒక్కసారి లేచాయి. సెంట్రింగ్ వాళ్ళు, టైల్స్ వాళ్ళు, ప్లంబర్లు, అందరూ డిఫెన్స్ కోచ్‌లైపోయారు. ఒకడు "ఉరుకు!" అన్నాడు. నా ఉరుకుడు తనను పిలిచారనుకుని అవతలి గోల్ దాకా పరిగెత్తాడు. ఇంకొకడు "జరుగు!" అన్నాడు, ఇద్దరు తమ్మీలూ బంతిని వదిలేసి పక్కకు జరిగారు. ఒకాయన మరీ ఉత్సాహపడి, "ఎన్కకు, ఎన్కకు, ఇంక ఎన్కకు!" అని కారు పార్కింగ్ చేయిస్తున్నట్టు చెబుతుంటే బండ వెనక్కి నడిచి నడిచి మా గోల్‌కీపర్‌ను తొక్కాడు. ఏడాది కష్టపడి తయారుచేసిన రహస్య భాష! ముప్ఫై మందికి పుట్టుకతోనే వచ్చన్న సంగతి నాకు ఒక్కసారి కూడా తట్టలేదు.

నేను వెనక్కి తిరిగి రెండు చేతులూ జోడించాను. "అన్నా, మీకు దండం వెడ్త, నోర్లు ముయ్యుండ్రి!"

వాళ్ళ మొహాలు మాడిపోయాయి. "సెలవు దినం ఆగం జేస్కొని అస్తే నోర్లు మూస్కోమంటున్నడు" అని ఒకడు గొణిగాడు. కానీ మంచివాళ్ళు, మూసుకున్నారు. తర్వాత ఇరవై నిమిషాలు ముప్ఫై మందీ పెదవులు బిగబట్టి, పిడికిళ్ళు బిగించి, ఒకరి భుజం ఒకరు గిల్లుకుంటూ నిలబడ్డారు. అంత కష్టం వాళ్ళు శ్లాబు వేసినప్పుడు కూడా పడి ఉండరు.

ఆట ఇక ముగియబోతోంది. అవతలి జట్టులో పచ్చ బూట్లవాడొకడు ఎడమవైపు నుంచి చీల్చుకుంటూ లోపలికొచ్చాడు. బండ వాడి పక్కనే ఉన్నాడు, భుజానికి భుజం. ఉరుకుడు ఎక్కడున్నాడో చూశాను. ఎక్కడో ముందున్నాడు. అంటే బండ వదిలితే వాణ్ని పట్టుకునేవాడు లేడు. "ఇడువకు!" అని అరిచాను. అరవబోయాను. నేను 'ఇడువ' దాకా వచ్చేసరికి, ఇరవై నిమిషాలు బిగబట్టిన ముప్ఫై గొంతులు ఇక ఆగలేక "ఓ...!" అని ఒక్కసారి బద్దలయ్యాయి. నా మాట చివరి ముక్క ఆ హోరులో పోయింది. బండ చెవిన సగమే పడింది.

వాడు ఒక్క క్షణం ఆగాడు. నా వైపు కూడా చూశాడనిపించింది. తర్వాత, నేర్పినట్టే, పచ్చ బూట్లవాణ్ని వదిలేశాడు.

గోల్ పడింది. ఒకటి, ఒకటి. పెనాల్టీ కిక్కుల్లో ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. మన ముప్ఫై మందీ నా భుజం మీద చెయ్యి వేసి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మేస్త్రీ అన్న చివరిదాకా ఉండి, "తమ్మి, వదిలిపెట్టుడు, వదిలిపెట్టకపోవుడు, రెంటికి గంత దగ్గర మాటలు ఎవడన్న పెట్టుకుంటడా? 'పట్టు' అని ఒక మాట ఉండొద్దా?" అన్నాడు. ఎంత న్యాయమైన ప్రశ్నంటే, నేను ఆయనతో రెండు రోజులు మాట్లాడలేదు.

పొద్దు గుంకుతుండగా బస్సు దగ్గర కాప్టెన్ పిల్లలందర్నీ వరసగా నిలబెట్టాడు. బండ ముందు ఆగి, "ఎందుకు వదిలావు వాణ్ని?" అని అడిగాడు. అరబీలోనే అడిగాడు, అయినా ఆ ప్రశ్న నాకు అర్థమైంది. బండ నా వైపు ఒక్కసారి చూశాడు. తర్వాత నేల చూస్తూ, "నాదే తప్పు కాప్టెన్. ఎండ కళ్ళల్లో పడింది" అన్నాడు. (ఇది తర్వాత ఉరుకుడు చెప్పాడు నాకు.) ఎండ వాడి వీపు మీద ఉండిందని అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు. గోల్ కొట్టనివాళ్ళకు గుర్తింపు లేదని ఏడాదంతా లోకం మీద విరుచుకుపడ్డ నేను, అప్పుడు బస్సు టైరు వైపు చూస్తూ నిలబడ్డాను. నోరు తెరవలేదు. ఇబ్రి దాకా మూడు గంటలు ప్రయాణం. వాడు ముందు సీట్లో, నేను వెనక సీట్లో.

ఆదివారం పొద్దున్నే డీన్ గారి గదికి వెళ్ళాను. కాప్టెన్ అక్కడే కూర్చుని మ్యాచ్ రిపోర్టు రాస్తున్నాడు. నేను రూమ్‌లో రెండు రోజులు వల్లించుకున్న మాటలన్నీ ఒక్క ఊపులో చెప్పేశాను. బండ తప్పేం లేదని, అరిచింది నేనని, మాట సగమే చేరిందని, తప్పు నాదని, నా మీదే రాయమని. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. చెప్పాక గుండె తేలికైంది, నిజం చెప్పొద్దూ, కాస్త గొప్పగా కూడా అనిపించింది.

డీన్ గారు కళ్ళజోడు సవరించుకున్నారు. "రాయడం కుదరదు" అన్నారు.

"ఎందుకు కుదరదు?"

"నువ్వు కోచ్‌వి కావు కదా. గోల్‌కు కారణం ఖయ్యాత్ అని రాస్తే, ఖయ్యాత్‌కు మైదానంలో ఏం పని అని అడుగుతారు. నీకూ ఇబ్బంది, నాకూ ఇబ్బంది." కాప్టెన్ వైపు తిరిగి, "ఎండ అని రాయండి" అన్నారు.

కాప్టెన్ 'ఎండ' అని రాశాడు. నా కళ్ళ ముందే రాశాడు! ఏడాది పాటు నేను తయారుచేసిన డిఫెన్స్‌కు పేరు ఫార్వర్డ్‌కు పోయింది, ఓర్చుకున్నాను. ఫొటో కాప్టెన్‌కు పోయింది, ఓర్చుకున్నాను. చివరికి నేను స్వయంగా చేసిన తప్పు, నేను నా నోటితో ఒప్పుకున్న తప్పు కూడా నాకు దక్కకుండా సూర్యుడికి ఇచ్చేశారు. నింద వేయడానికి కూడా పనికిరాని మనిషినా నేను? అని అక్కడే ఇంగ్లీషులో, హిందీలో, చివరికి తెలుగులో అడిగాను. కాప్టెన్ కలం మూసి నవ్వడం మొదలుపెట్టాడు. అంత నవ్వు ఆ మనిషిలో ఉందని నాకు తెలియదు. నేను తలుపు గట్టిగా వేసి బయటికొచ్చాను.

బండ లైబ్రరీ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన కూర్చుని, నేను అన్నది 'ఇడువకు' అని, వాడికి 'ఇడువు' అని వినబడిందని వచ్చీ రాని మాటల్లో చెప్పాను.

"తెలుసు" అన్నాడు వాడు.

"ఏం తెలుసు?"

"గోల్ ముందు నువ్వెప్పుడూ ఇడువు అనవు. తప్పుగా వినబడిందని నాకు అప్పుడే తెలుసు."

"మరి ఎందుకు వదిలావురా?"

వాడు భుజాలు కదిపాడు. "నీ గొంతు కదా" అన్నాడు.

లోకంలో ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియని రోజు నా జీవితంలో అదొక్కటే. కాసేపటికి వాడే లేచి, క్లాసుకు ఆలస్యమవుతోందని వెళ్ళిపోయాడు.

ఆ ఏడాది చివర్లో కాప్టెన్ మస్కట్‌లో వేరే కాలేజీకి వెళ్ళాడు. పీడ విరగడైందని మేస్త్రీ అన్నకు మటన్ వండి పెట్టాను. నెల తిరక్కుండానే ఆ కాలేజీ నుంచి నాకు ఫోను, డిఫెన్స్ కోచ్‌గా చేరతారా అని. సరైన వీసా, బెంచీ మీద కుర్చీ, అన్నీ ఉన్నాయి. చేరాక అక్కడి ఆఫీసులో నా ఫైలు చూశాను. అందులో కాప్టెన్ రాసిన సిఫారసు ఉత్తరం ఉంది. 'ఈ మనిషి నా మాట వినడు. పిల్లలు నా మాట వినకుండా చేస్తాడు. ఎప్పుడూ పోట్లాడతాడు. తీసుకోండి' అని నాలుగే వాక్యాలు. ఆయనతో ఆ తర్వాత ఆరేళ్ళు కలిసి పనిచేశాను. ఆరేళ్ళూ పోట్లాడాను. నా తిట్లన్నిటినీ ఇలా ఒక్క ఉత్తరంతో దెబ్బతీయడం ఏం న్యాయం అని ఆయన్ని అడుగుదామనుకుంటూనే, ఆయన ఒమాన్ విడిచి వెళ్ళిపోయేదాకా అడగలేకపోయాను.

ఇప్పుడు నాకు నలభై దాటాయి. పోయిన నెల ఒక ఆటలో రిఫరీ మా మీద పచ్చి అన్యాయమైన పెనాల్టీ ఇచ్చాడు. నేను విరుచుకుపడదామని బెంచీ మీద నుంచి లేచాను. మోకాలు పట్టేసింది. బల్ల పట్టుకుని, ఊపిరి తీసుకుని, నిటారుగా నిలబడేసరికి ఆ పెనాల్టీ కొట్టడం, మా గోల్‌కీపర్ దాన్ని ఆపేయడం, బంతి మైదానం అవతలికి పోవడం కూడా అయిపోయాయి. నోరు తెరిచి అలాగే నిలబడ్డాను. పక్కన కూర్చున్న ఒక ఆటగాడు నా వైపు చూసి, "ఏమైనా చెప్పాలా కాప్టెన్?" అని మర్యాదగా అడిగాడు. నాలోని ఆ ఇరవై అయిదేళ్ళవాడైతే ఏమనేవాడో అదంతా ఒక్కసారి గుర్తొచ్చింది. "ఏం లేదురా, బాగానే ఆడుతున్నారు" అని చెప్పి, మెల్లగా కూర్చున్నాను.